కాకువు: క్షేత్రయ్య పదములలో మాట తీరు

ఆంగ్ల కవులలో ప్రాచీనుడైన చాసరు 1400 సంవత్సరమున కీర్తిశేషుడైనాడు. రోజమండ్ అను సుందరిని గూర్చిన ఒక చిన్న ప్రేమగీతము ఆయన పేర కలదు. అది చిరకాలము మరుగున పడియుండి, 1891లో ఆక్స్‌ఫర్డు గ్రంథాలయమునందలి ఒక వ్రాతప్రతిలో వెలికివచ్చినది. అందలి ప్రియుడు తొట్టెడు కన్నీరు కార్చితిననును. వలపులో మునిగిన తన్ను చిక్కని పులుసులో మునిగిన చేపతో పోల్చుకొనును. అంతటి ఉపమానము చెప్పుచునే, ప్రియురాలిని మాత్రము ‘మీరు’ అని మన్నించును. ఇది నిజమైన విరహమా, విరహగీతములు వ్రాయువారిపై విసరిన పరిహాసమా? పండితులు నేటికిని చర్చించుచున్నారు. నిఘంటువు ఈ తగవు తీర్పజాలదు. ప్రతి పదమునకును అర్థము తెలిసినదే, తెలియనిది కంఠస్వరము.

మన ఆలంకారికులు దీనికి ‘కాకువు’ అని పేరు పెట్టిరి. పలుకు మారకుండ, పలికెడి తీరు మారుటచే అర్థము మారుట కాకువు. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ధ్వనిని స్థాపించుచు, హాలుని గాథలలోని ఒక గృహిణి మాటను ఉదాహరించినాడు. రేచీకటి గల బాటసారీ, రాత్రి పొరబాటున మా పడకలపై పడకుమని ఆమె హెచ్చరించును. అత్తగారు పండుకొను చోటు, తాను పండుకొను చోటు వేర్వేరుగా చూపి మరీ హెచ్చరించును! మాట నిషేధము, భావము ఆహ్వానము. ఇంత దూరము పోనక్కరలేదు. ప్రొద్దుపోయి ఇల్లు చేరిన మనుమని చూచి, “దొరగారు ఇప్పటికి దయచేసినారా?” అని అవ్వ పలికినప్పుడు, అందలి మర్యాద మర్యాద కాదని మన ఇండ్లలో ఎవరికి తెలియదు? ఆ కోపము వెనుక అన్నము చల్లారిపోయినదను దిగులు కూడ కలదని తెలిసినవాడే తెలుగు తెలిసినవాడు.

ఈ కాకువునకు మన భాషలో పెన్నిధి క్షేత్రయ్య పదములు. పదునేడవ శతాబ్దపు కవియగు క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రతో పదములు రచించి, తంజావూరి విజయరాఘవ నాయకుని ఆదరము పొందినాడు. ఆ పదములు పెక్కు తరములు దేవదాసీ కుటుంబముల కంఠములలో నిలిచినవి. మన చెన్నపట్టణమున జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ (1867–1938) శుక్రవారపు సాయంకాలముల వినికిడికి రసికులు చేరెడివారు. ఆ ఇంటి సొత్తునే మనుమరాండ్రు బృందమ్మ గానమునను, బాలసరస్వతి అభినయమునను లోకమునకు పంచిరి.

అయితే ఇట్టి శృంగార రచనలను చదువుటలో రెండు పొరపాట్లు జరుగుచు వచ్చినవి. మొదటిది, మాటను మాత్రమే చూచి బూతని త్రోసివేయుట. ముద్దుపళని రాధికాసాంత్వనము సంగతి మన నగరమున జరిగినదే. బెంగుళూరు నాగరత్నమ్మ దానిని పరిష్కరింపగా 1910లో వావిళ్లవారు ప్రకటించిరి. మరుసటి సంవత్సరమే అది అశ్లీలమని ప్రభుత్వపు నిషేధమునకు గురియైనది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో నిషేధము తొలగి, 1952లో మరల అచ్చయినది. తాను పెంచిన ఇళను తన ప్రియునికే పెండ్లి చేసి, పిదప కుమిలిపోయిన రాధ కథ అది. ఆమె నగవులోని నొప్పి వినిపింపనివారికి అందు వర్ణనలే కనిపించినవి.

రెండవ పొరపాటు మర్యాదగలది కనుక మరింత ప్రమాదకరము. నాయిక జీవాత్మ, నాయకుడు పరమాత్మ అని ముందే నిశ్చయించుకొని, మాటపై ముసుగు కప్పుట. బూతను నింద తప్పించుటకు ఈ ముసుగు కొంత కాలము పనికివచ్చినది. కాని అది కప్పినంతనే ఎత్తిపొడుపు, అలుక, కొంటెతనము అన్నియు ఒకే భక్తిగా చదునైపోవును. 1975లో తమిళ ఇసై సంఘమున అధ్యక్షోపన్యాసము చేయుచు బాలసరస్వతి, నృత్యమునకు శృంగారమే ప్రాణమనియు, దానిని శుద్ధిచేయ నక్కరలేదనియు వాదించినది ఇందుకే గదా.

సురటి రాగమున ప్రసిద్ధమైన ఒక పదమును తలచుకొందము. మువ్వగోపాలుడు నాయిక వాకిటికి వచ్చినాడు. ఆమె ఎదురేగదు, తలుపు మూయదు. ఇక్కడికేల వచ్చితివి, దారి తప్పితివేమో, నీవు వెదకు ఆమె ఇల్లు ఇది కాదే యనును. పైకిది దారి చెప్పుట. లోపల, నీ రాకపోకలు నాకు తెలియుననుట. ధీరయైన ఖండిత లక్షణమిది. కోపమును వినయముతో పలుకును. ఇంకను లోపల మరియొకటి కలదు. పొమ్మనుటకు ఒక్క మాట చాలును. ఈమె పల్లవి, అనుపల్లవి, చరణములు పాడుచున్నది! మాటలాడుచున్నంతసేపు అతడు వాకిటనే నిలిచియుండును. ఆమె కోరిక అదియే.

పదరచనయే ఇందుకు సాయపడును. ప్రతి చరణము వెనుక పల్లవి మరలివచ్చును. అవే మాటలు మొదట ప్రశ్న, పిదప దెప్పు, కడపట గద్గదికము. విలంబకాలమున గాయని ఒక్క పలుకును సాగదీయుట ఆలస్యము కొరకు కాదు. ఆ పలుకు తన రంగు మార్చుకొనుటకు కావలసిన వ్యవధి అది. కాగితముపై కాకువునకు గుర్తు లేదు. రాగము ఆ గుర్తు.

అట్లయిన దైవము ఏమైనట్లు? ఎక్కడికిని పోలేదు. ఒక మానవతి వాకిట దోసిలొగ్గి నిలిచి, ఎత్తిపొడుపులు వినుచున్నవాడే దైవము. తిట్టుటకు చాలినంత దగ్గరివాడగుట ఈ పదములలో అతని మహిమ. ఆ తిట్టును తొలగించి తత్త్వమును మిగుల్చుకొన్నచో, ఆ చనవే పోవును. చనవు పోయిన పిదప మిగులు పరమాత్మ అందరి పరమాత్మయే గాని మువ్వగోపాలుడు కాడు.

ఈ మాట చెన్నపురి తెలుగువారికి ఏల చెప్పవలసివచ్చినది? 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిదప మనము ఇచ్చటనే ఉండిపోతిమి. ఈ నగరము మనలను ఆదరించినది. మార్గశిర మాసపు సంగీత సభలలో మన పదములు నేటికిని వినవచ్చుచున్నవి. వానిని కాపాడినవారిలో తెలుగు ఇంటిభాష కానివారును ఉన్నారు. వారికి మనము ఋణపడియున్నాము. కాని మన పిల్లలలో పలువురు ఆ పదములను తమిళ లిపిలోనో, ఆంగ్ల లిపిలోనో వ్రాసికొని నేర్చుచున్నారు. అర్థమడిగిన ప్రతిపదార్థము చెప్పుదురు. ‘రా’ యను సంబోధన ఎచ్చట ముద్దు, ఎచ్చట కసురు, ఎచ్చట వేడికోలు అని అడిగిన తెల్లబోవుదురు. అది పుస్తకమున దొరకదు. అలుకలు, సరసములు, మేలమాటలు తెలుగున సాగెడి ఇంటనే దొరకును.

కావున పదము నేర్పుటకు ముందు పిల్లలకు ఒక ప్రశ్న నేర్పుదము: ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ ముఖముతో అనుచున్నారు? తరువాత తత్త్వము చెప్పుకొనవచ్చును. మరియు, ఆలసించి వచ్చిన మనుమనితో “దొరగారు దయచేసినారా?” అని తెలుగుననే అందము. వాడు నవ్వుచు తల వంచుకొన్ననాడు, క్షేత్రయ్యను చదువుటకు వానికి అర్హత వచ్చినట్లే.