లోకల్, మెట్రో: అనువాదమున ఒక చిక్కు

వంగకథలను తెనిగించువారికి ‘లోకల్’ అను చిన్న మాట తరచుగా అడ్డు తగులును. హౌరా విడిచిన పిదప వచ్చు తొలి స్టేషను లిలువా. రైలుపెట్టెల కర్మాగారముగల చోటు. అచ్చటి ప్రయాణికులు బండ్లను గమ్యముల పేర్లతో గుర్తింతురు: బండేల్ లోకల్, బర్ధమాన్ లోకల్. ఈ లోకల్‌ను ‘మెట్రో’ అనియో ‘నగర రైలు’ అనియో మార్చినచో దోషమేమని అడుగువారు కలరు. దోషము కలదు.

మెట్రో పుట్టుక విచిత్రమైనది. గ్రీకున ‘మెత్రోపోలిస్’ అనగా తల్లి నగరము. వలసలను పంపిన పురము. 1863లో లండనున నడచిన ‘మెట్రోపాలిటన్ రైల్వే’ పేరులో ఆ విశేషణమునకు మహానగరమునకు చెందినదని మాత్రమే అర్థము. 1900లో ప్యారిస్ అట్టి పేరునే గ్రహించెను. జనుల నాలుకపై అది ‘మెట్రో’గా తెగినది. నగరము రాలిపోయి తల్లి మిగిలినదన్నమాట! ఇందులో భూగర్భమను భావమెచ్చటను లేదు. 1984 అక్టోబరు 24న కలకత్తాలో ప్రారంభమైన మన దేశపు తొలి మెట్రో నేలక్రింద నడచుటచే ‘భూగర్భ రైలు’ అను అనువాదము పొసగినట్లు తోచెను. 2017 నుండి హైదరాబాదు మెట్రో స్తంభములపై పరుగిడుచున్నది గనుక ఆ మాట ఇక చెల్లదు.

మాటను త్రుంచుటలో మనమును తీసిపోము. ఆంగ్లమున రైలనగా ఇనుపకమ్మి. మనము ఆ పేరును బండికిచ్చి, కమ్మిని పట్టా అంటిమి.

ఇక ‘లోకల్’. లాటినున ‘లోకుస్’ అనగా చోటు. బండి అను విశేష్యమును విడిచి, విశేషణమే అచ్చట నామమైనది. కాని తెలుగున ‘వాడు లోకల్’ అన్నచో ఆ ఊరివాడని అర్థము. హైదరాబాదున 2003లో వచ్చిన ఇట్టి బండికి ఎం.ఎం.టి.ఎస్. అను పొడి అక్షరములే పేరైనవి. కావున ‘లోకల్ వచ్చెను’ అని వ్రాసినచో మన పాఠకుడు క్షణకాలము తడబడును. ‘లోకల్ బండి’ అనుట మేలు. మొదట ఒకసారి అన్న చాలును, తరువాత బండిని విడువవచ్చును. మెట్రో అనరాదు. మెట్రో తలుపులు వాటంతట అవే మూసికొనును. లోకల్ వాకిట మనుష్యులు వ్రేలాడుదురు. కథకుడు ఆ వాకిటనే తన పాత్రను నిలిపియుండవచ్చును.

2024 మార్చిలో హుగ్లీనది అడుగున మెట్రో నడచుట ఆరంభమైనది. నేడు లిలువా గుమాస్తా హౌరాలో లోకల్ దిగి మెట్రో ఎక్కి ఎస్ప్లనేడు చేరగలడు. రెంటికిని నగర రైలనియే పేరిడు అనువాదకుని చేతిలో అతడు నగర రైలు దిగి నగర రైలు ఎక్కును.