సైకిలు కోసం రాసిన కారు కాగితం

వరి కోతల రోజుల్లో నిజామాబాద్ జిల్లా ధర్పల్లి చుట్టుపక్కల తారు రోడ్డు సగానికి తగ్గిపోతుంది. మిగతా సగం మీద వడ్లు ఆరబోసి, అంచు వెంట రాళ్లు పేర్చి పెడతారు. సైకిలు మీద పోయే మనిషి ఆ రాళ్లను తప్పించుకుంటూ నడిమికి వస్తాడు. వెనక డిచ్‌పల్లి వైపు నుంచి వచ్చే కారుకూ మిగిలింది ఆ నడిమి దారే. దాటిపోయేటప్పుడు కారు ఎడమ అద్దం సైకిలు హ్యాండిల్‌కు తగులుతుంది. సైకిలు పక్కకు పడుతుంది, ముందు చక్రం వంకర పోతుంది, మోచెయ్యి గీసుకుపోతుంది. పేపర్లో రాసేంత ప్రమాదం కాదు. అయినా నలుగురు చేరగానే "తప్పెవరిది?" అన్న మాట మొదలవుతుంది. కేసవుతుందా, బండిని స్టేషన్‌లో పెట్టుకుంటారా, ఇన్సూరెన్స్ ఖర్చు పెరుగుతుందా అని కారు మనిషి దిగులు. తనకు ఏ ఇన్సూరెన్సూ లేదు, ఎవరిని అడగాలి అని సైకిలు మనిషి దిగులు.

ఈ ఇద్దరి దిగులుకూ జవాబు ఒకేచోట ఉంది. అది కారు డ్యాష్‌బోర్డులో మడిచిపెట్టిన పాలసీ, దాని వెనకున్న మోటారు వాహనాల చట్టం. గడియారం వెనక మూత తీసి చూసినట్టు ఆ కాగితాన్ని భాగం భాగంగా చూస్తే, దాన్ని రాసినవాళ్లు ఎంత దూరం ఆలోచించారో తెలుస్తుంది.

ముందు చక్రం సంగతి చూద్దాం, ఎందుకంటే తప్పెవరిదో మొదట చెప్పేది అదే. సైకిలు చక్రంలో బరువు మోసేది కేవలం రింగు కాదు. హబ్బుకు రెండు పక్కలా ఉన్న బిళ్లల నుంచి బయల్దేరే స్పోకులు ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి రింగును లాగి పట్టుకుంటాయి. పాతకాలపు 28 అంగుళాల సైకిళ్లలో ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు. ప్రతి స్పోకు కొసన ఒక నిపిల్. దాన్ని బిగిస్తే రింగు ఆ పక్కకు వస్తుంది, వదులు చేస్తే అవతలి పక్కకు పోతుంది. అందుకే మెకానిక్ సైకిలును తలకిందులు చేసి, ఫోర్కుకు ఆనించి ఒక సుద్దముక్క పట్టుకొని చక్రం తిప్పుతాడు. సుద్ద ఎక్కడ రాసుకుంటే అక్కడ రింగు బయటికి వచ్చినట్టు. కుడివైపు వస్తే అక్కడి కుడి స్పోకులు కొద్దిగా వదులు, ఎడమ స్పోకులు కొద్దిగా బిగువు. ఒక్కసారి పావు తిప్పుకన్నా ఎక్కువ తిప్పడు. ఒకచోట సరిచేస్తే దాని ప్రభావం పక్క స్పోకుల మీద పడుతుందని అతనికి తెలుసు. తిప్పి, చూసి, మళ్లీ తిప్పి అవుట్ తీస్తాడు. రింగు ఇనుమే మడత పడితే మాత్రం స్పోకులతో పని కాదు, రింగు మార్చాల్సిందే.

ఈ చేయి తిరిగిన మనిషికి దెబ్బ ఏ వైపు నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. వెనక నుంచి గుద్దితే వెనక మడ్‌గార్డు నలుగుతుంది, వెనక రింగులో ఒకచోట చదును పడుతుంది, యాక్సిల్ తన గాడిలో ముందుకు జరుగుతుంది. పక్క నుంచి తోస్తే చక్రం అడ్డంగా వంగుతుంది. కారు మీద గీత కూడా మాట్లాడుతుంది. ఎడమ తలుపు పొడుగునా సాగిన గీత కారు దాటిపోతూ రాసుకుందని చెబుతుంది. ఒకేచోట పడ్డ సొట్ట సైకిలు అడ్డం వచ్చి తగిలిందేమోనని చూడమంటుంది. కాబట్టి చక్రం అవుట్ తీయించడానికి ముందే, బంపర్ తుడవడానికి ముందే రెండు బండ్లనూ, రోడ్డు మీది వడ్లనూ, రాళ్లనూ కలిపి ఫోటోలు తీసుకోవాలి. ఆ రాళ్లు సాయంత్రానికి ఉండవు.

తప్పును చట్టం ఎలా కొలుస్తుందో ఇప్పుడు చూడాలి. గుంపుకు తప్పు పూర్తిగా ఒకరిదే కావాలి, చట్టానికి అక్కర లేదు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ దాన్ని పాళ్లుగా పంచుతుంది. సైకిలు మనిషి వెనక చూసుకోకుండా నడిమికి వచ్చాడని తేలితే అతనికి రావాల్సిన పరిహారంలో ఆ పాలు తగ్గిస్తారు, మిగతాది ఇప్పిస్తారు. క్రిమినల్ కోర్టులోలాగా అనుమానానికి తావు లేని రుజువు కూడా అడగరు. ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో అదే చూస్తారు. 2017 డ్రైవింగ్ నిబంధనలు నడిచేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు, పిల్లలు, ముసలివాళ్ల విషయంలో డ్రైవరు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలని చెబుతున్నాయి. ఇది న్యాయమైన తూకం. టన్ను బరువున్న బండి చేసే నష్టం ఎక్కువ, అందుకే దాన్ని నడిపేవాడి బాధ్యతా ఎక్కువ.

చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం 134వ సెక్షన్‌లో ఉంది. మనిషికి గాయమైనా, ఇతరుల వస్తువు పాడైనా ఈ సెక్షన్ వర్తిస్తుంది. అంటే వంకర పోయిన సైకిలు చక్రం కూడా లెక్కలోకి వస్తుంది. డ్రైవరు మొదటి పని గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడటం. గుంపు కోపం వల్ల అది సాధ్యం కాకపోతే తప్ప, అని అక్కడే ఒక మినహాయింపు రాశారు. మన రోడ్ల మీద ప్రమాదం జరిగాక ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు రాసిన మాట అది. డ్రైవరు ప్రాణభయంతో కదిలిపోతే దాన్ని అర్థం చేసుకున్నారు, కానీ బాధ్యత నుంచి వదల్లేదు. పోలీసులకు చెప్పాలి, దగ్గర్లో పోలీసు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్లా చూసినా 24 గంటల్లోగా, స్టేషన్‌కు పోయి చెప్పాలి. డాక్టరు లాంఛనాల కోసం ఆగకుండా వెంటనే వైద్యం మొదలుపెట్టాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. 1994లో దీనికి ఇంకో భాగం చేర్చారు: పాలసీ నంబరు, దాని గడువు, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, స్థలం, గాయపడినవాళ్ల వివరాలు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరాలు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. బండిని స్టేషన్‌లో పెట్టుకుంటారన్న భయానికి 136వ సెక్షన్‌లో జవాబు ఉంది. తనిఖీకి తీసుకుపోయిన బండిని, ఆ పని పూర్తయ్యాక 24 గంటల్లోగా తిరిగి ఇవ్వాలి.

ఇక పాలసీ. అందులో రెండు గదులున్నాయి, మధ్యన గోడ ఉంది. ఒక గది సొంత బండికి జరిగిన నష్టానిది, అదే ఓన్ డ్యామేజ్. రెండోది ఇతరులకు జరిగిన నష్టానిది, అదే థర్డ్ పార్టీ. మొదటిది యజమాని ఇష్టం, రెండోది చట్టం తప్పనిసరి చేసింది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, 1,500 సీసీ వరకు 3,416. మనిషికి జరిగిన హానికి ట్రిబ్యునల్ ఎంత నిర్ణయిస్తే అంత, పైన హద్దు లేదు. వస్తువులకు జరిగిన నష్టానికి కార్ల పాలసీలో మామూలుగా 7,50,000 రూపాయల వరకు రక్షణ ఉంటుంది. కొద్దిగా ప్రీమియం మిగులుతుందని కొందరు దాన్ని 6,000కు తగ్గించుకుంటారు. నా దృష్టిలో అది మంచి బేరం కాదు. సైకిలుకు 6,000 సరిపోవచ్చు, రేపు తగిలేది సైకిలే అన్న హామీ ఎక్కడుంది?

రెండు గదుల మధ్య గోడ ఎందుకంటే, నో క్లెయిమ్ బోనస్ ఓన్ డ్యామేజ్ గదికి మాత్రమే చెందింది. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, ఆ తర్వాత 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గింపు. సైకిలు మనిషి థర్డ్ పార్టీ కింద పరిహారం తీసుకుంటే ఈ బోనస్ చెక్కు చెదరదు. బోనస్ పోతుందన్న భయంతో సైకిలు మనిషితో గొడవ పడేవాళ్లకు ఈ సంగతి తెలియదు. బోనస్‌ను పోగొట్టేది సొంత బంపర్ కోసం పెట్టే క్లెయిమ్. లెక్క వేసి చూడండి. బంపర్ మార్చడానికి 5,000 అయిందనుకుందాం. ప్లాస్టిక్ వస్తువులకు మామూలు పాలసీలో 50 శాతం తరుగు తీసేస్తారు, 2,500 మిగులుతుంది. 1,500 సీసీ లోపు కార్లకు యజమాని తప్పనిసరిగా భరించాల్సిన 1,000 పోతే, చేతికి వచ్చేది 1,500. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుంటే వచ్చే ఏడాది పోయే 20 శాతం బోనసే 1,600. చిన్న దెబ్బకు సొంత జేబు, పెద్ద దెబ్బకు పాలసీ అన్న తీరులోనే ఈ అంకెలన్నీ అమర్చారు.

పాలసీలో ఒక షరతు మాత్రం జాగ్రత్తగా చదవాలి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాట ఇవ్వడం చేయకూడదు. ఊళ్లో జరిగేది దీనికి ఎదురు. పెద్దమనుషుల ముందు ఒక మాట, చేతిలో కొన్ని నోట్లు, అక్కడితో అయిపోయింది. స్పోకుల కోసం, ఒక రింగు కోసం ఎవరూ నిజామాబాద్ ట్రిబ్యునల్‌దాకా పోరు, పోవాల్సిన పనీ లేదు. సైకిలు బాగుచేయించి ఇవ్వడం మానవత్వం. కానీ "తప్పంతా నాదే, ఇక ముందు ఏమైనా నాదే బాధ్యత" అని రాసివ్వడం వేరు. సైకిలు మనిషి కూడా "నాకేమీ కాలేదు" అని అప్పటికప్పుడు సంతకం పెట్టకూడదు. మణికట్టు వాపు కొన్నిసార్లు మరునాడే తెలుస్తుంది.

ఆ వాపు ఎముక విరగడం వల్ల అయితే చట్టంలో ఇంకో భాగం కదులుతుంది. దాని వెనక చరిత్ర పొడుగైంది. బ్రిటన్ 1930లో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది. మన 1939 మోటారు వాహనాల చట్టంలో ఆ అధ్యాయం 1946 జూలైలో గానీ అమలు కాలేదు. 1956 సవరణతో ట్రిబ్యునళ్లు వచ్చాయి. అయినా పరిహారం కావాలంటే డ్రైవరు తప్పును బాధితుడే రుజువు చేయాల్సి వచ్చేది. 1970లలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ నియమాన్ని దాటి, తప్పు రుజువు కాకపోయినా పరిహారం రావచ్చన్న వైపు అడుగు వేసింది. 1977లో మిను మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆ అడుగును వెనక్కి తీసింది, చట్టంలో లేనిది కోర్టు రాయలేదంది. ఐదేళ్లకు పార్లమెంటే రాసింది. 1982లో తప్పుతో పని లేకుండా మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు అన్నారు. 1988 చట్టంలో అవి 25,000, 12,000 అయ్యాయి, 1994లో 50,000, 25,000 అయ్యాయి. 2022 ఏప్రిల్ నుంచి అమలైన 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను విరిగినా అది తీవ్ర గాయమే. ఇక్కడ "తప్పెవరిది?" అన్న ప్రశ్నను చట్టం అసలు అడగదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుగా చూసిన దారి అదే.

కారు యజమాని షరతు తప్పితే? అప్పటికీ సైకిలు మనిషి వీధిన పడకుండా ఇంకో పట్టు ఉంది. లైసెన్సు లోపం లాంటి సందర్భాల్లో కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలన్న పద్ధతిని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బలపరిచింది. ఇద్దరి మధ్య తగాదా తేలేదాకా, ఆ ఒప్పందంలో లేని మూడో మనిషి ఆగాల్సిన పని లేదు. దావా ఎక్కడ వేయాలన్నది కూడా అతని సౌకర్యాన్నే చూస్తుంది. కారు హైదరాబాద్‌దైనా, గోదావరి అవతలి నాందేడ్‌దైనా, బాధితుడు తాను ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. గాయాలైన ప్రమాదంలో పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి.

సైకిలుకు రిజిస్ట్రేషన్ లేదు, ప్రీమియం లేదు, అది మోటారు వాహనమే కాదు. అయినా పైసా కట్టని ఆ మనిషి కోసమే కారు కాగితంలో సగం రాశారు. కారున్నవాళ్లు ఈ రాత్రి ఆ కాగితం తీసి, ఇతరుల ఆస్తి నష్టం అన్న వరుసలో 7,50,000 ఉందో 6,000 ఉందో చూసుకోండి, 6,000 అని ఉంటే రెన్యువల్‌లో మార్పించుకోండి. సైకిలు తొక్కేవాళ్లు పడ్డప్పుడు లేవగానే కారు నంబరు రాసుకోండి. పరిహారం కోరేవాళ్లు అడిగితే ఆ బండి ఎవరిది, దానికి ఇన్సూరెన్స్ ఏ కంపెనీది అన్న వివరాలు 160వ సెక్షన్ ప్రకారం పోలీసులూ రిజిస్ట్రేషన్ అధికారీ ఇవ్వాల్సిందే.