టికెట్ నంబరు వెనకున్న పనితనం

పనులను టికెట్లుగా నమోదు చేసే జిరా సాఫ్ట్‌వేర్‌లో, టికెట్ నంబరుకు ముందుండే కీని ప్రాజెక్టుకు పెట్టే అడ్మిన్ నేర్పు ఎవరి కంటా పడదు. మామూలుగా కీ 10 అక్షరాలకు మించకూడదు. అందులోనే నోట తేలిగ్గా పలికేది, పక్క టీము కీతో పొరపడనిది ఎంచాలి. అది కుదిరితే ‘పే-214’ అన్నంత మాత్రాన, ఫోన్లోనైనా కమిట్ మెసేజ్‌లోనైనా ఏ పని గురించో అందరికీ తెలిసిపోతుంది. టైటిల్‌తో వెతికినా దొరుకుతుంది కదా, ఇంత పట్టింపెందుకని అడగొచ్చు. టైటిల్‌ను ఎవరైనా మార్చేస్తారు, ‘లాగిన్ పనిచేయడం లేదు’ అనే పేరుతో నాలుగు టికెట్లుంటాయి. నంబరు అలా కాదు. టికెట్‌ను డిలీట్ చేసినా మరొకదానికి రాదు. టీము పేరు మారి కీ మార్చాల్సి వచ్చినా, పాత లింకు నొక్కితే సరైన టికెట్టే తెరుచుకుంటుంది. కోడ్ రాసినవాళ్లు ఎప్పుడో ఉద్యోగం మారిపోయినా, కొత్తగా చేరిన ఇంజినీరు కమిట్ మెసేజ్‌లోని నంబరు పట్టుకుని ఒక లైను ఎందుకు రాశారో చదువుకోగలుగుతారు.