పేగు, నరం, నాడి: నవజాతశిశు వైద్యపు తెలుగు – ఒక విమర్శ

వ్యాససంగ్రహం: నవజాతశిశువు బొడ్డులోని సిర గుండా క్యాథెటర్ అనే సన్నని గొట్టాన్ని అమర్చడం నేటి శిశువైద్యంలో స్థిరపడిన ప్రక్రియ. ఆ ప్రక్రియనూ, దానివల్ల రాగల ప్రమాదాలనూ చెప్పడానికి తెలుగులో వాడదగిన పదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇక్కడి లోపం పదాల కొరత కాదని, ఉన్న పదాలు మోసుకొచ్చే పూర్వార్థాలను గుర్తించకపోవడమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాభిసిర, పరిభాష, ఉపద్రవం, అంగీకారపత్రం, అర్థవిపరిణామం.

1. ఉపోద్ఘాతం

ఉయ్యూరు పరిసర గ్రామాల్లో నెలలు నిండకుండా పుట్టిన శిశువును విజయవాడకు తరలించినప్పుడు, తల్లి ఇంకా కాన్పు జరిగిన చోటే ఉండవచ్చు. అంగీకారపత్రం తండ్రి చేతికో, అమ్మమ్మ చేతికో వస్తుంది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు తెలిపిన తరువాతనే అంగీకారం చెల్లుతుందని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. కనుక ఆ పత్రపు భాష కూడా విమర్శకు నిలవవలసిన వాచకమే.

2. అవయవం పేరు

బొడ్డుతాడులో సాధారణంగా రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. మావి నుంచి ప్రాణవాయువు గల రక్తాన్ని గర్భస్థశిశువుకు చేర్చేది ఆ సిరే. పుట్టిన తొలి రోజుల్లో దాని గుండా గొట్టాన్ని గుండె సమీపం వరకు పంపవచ్చు.

వాడుకలో దీనికి మూడు పేర్లు పొంచి ఉన్నాయి. ‘బొడ్డుపేగు’ అంటే వినేవారికి జీర్ణకోశం స్ఫురిస్తుంది. గొట్టం పాలు పట్టడానికని భావిస్తారు. ‘నరం’ అనే మాట వాడుకలో సిరకూ, నాడీతంతువుకూ, స్నాయువుకూ చెల్లుతుంది. ‘బొడ్డు నరంలో గొట్టం’ అనగానే బిడ్డకు నరాల జబ్బు వస్తుందన్న భయం కలగవచ్చు. ఇక ‘నాడి’: చరకసంహిత శారీరస్థానంలో అది బొడ్డుతాడు, వైద్యుడి చేతివేళ్లకు అది స్పందన, నేటి పాఠ్యపుస్తకంలో అది మెదడుకు చెందిన వ్యవస్థ. ‘నాభిసిర’ ఒక్కటే నిర్దుష్టం. కాని శాస్త్రం చదవనివారికి అది ఏమీ చెప్పదు. మొదటి మూడూ తప్పుగా మాట్లాడితే, నాలుగోది మౌనం వహిస్తుంది.

3. ప్రమాదం పేరు

గొట్టం కొన సరైన చోట లేకపోతే కాలేయ కణజాలం దెబ్బతినవచ్చు. ద్వారసిరలో రక్తం గడ్డకట్టవచ్చు. గుండె లయ తప్పవచ్చు. అరుదుగా గుండె చుట్టూ ద్రవం చేరి ప్రాణాపాయం కలగవచ్చు. గొట్టం ఉన్నన్నాళ్లూ రక్తంలో ఇన్‌ఫెక్షన్ భయం వెన్నంటి ఉంటుంది. అందుకే అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2011 మార్గదర్శకాలు గొట్టాన్ని వీలైనంత త్వరగా తీసివేయాలని, గరిష్ఠంగా 14 రోజులని పేర్కొన్నాయి.

వీటన్నిటినీ కలిపి ‘సంక్లిష్టతలు’ అనడం అనువాద దోషం; ఆ మాటకు జటిలత్వమే గాని హాని అర్థం లేదు. ‘దుష్ప్రభావాలు’ మందును గుర్తుచేస్తుంది, చేతి పనిని కాదు. ఆయుర్వేదంలో ‘ఉపద్రవం’ మూలవ్యాధిని ఆశ్రయించి తరువాత పుట్టే బాధ. శాస్త్రదృష్ట్యా సమీపార్థకమే అయినా, నేటి వాడుకలో అది పెనువిపత్తు. సంతకం చేసేవారిని ఒక పదం నిశ్చింతగా ఉంచితే, మరొకటి బెదరగొడుతుంది.

4. ప్రతిపాదన

విజయవాడలో వైద్యవృత్తి సాగించి, 1957లో అక్కడి నుంచే లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ‘ప్రసూతి – శిశుపోషణ’ను తెలుగులో రాశారు. తల్లులకు వైద్యం తెలుగులో చెప్పాలన్న సంకల్పం ఈ ప్రాంతానికి కొత్త కాదు. దాన్ని కొనసాగించాలంటే సమానార్థక పదంతో ఆగక వాక్యం దాకా రావాలి. ఉదాహరణకు: “బిడ్డ బొడ్డులో ఇంకా మూసుకుపోని రక్తనాళం ఉంది. దాని గుండా సన్నని గొట్టాన్ని గుండె దగ్గరి దాకా పంపి మందులు ఎక్కిస్తాం. అది పక్కకు జరిగితే కాలేయానికో గుండెకో హాని కలగవచ్చు. అందుకే ఎక్స్‌రే తీసి కొన ఎక్కడుందో చూస్తాం. అవసరం తీరగానే తీసేస్తాం.”

5. ముగింపు

పై వాక్యాల్లో పరిభాష దాదాపు లేదు, శాస్త్రం మాత్రం లోపించలేదు. పారిభాషిక పదం నిపుణుల మధ్య ఒప్పందం. అంగీకారపత్రం నిపుణుడికీ, బిడ్డను అప్పగించే మనిషికీ మధ్య ఒప్పందం. రెండింటికీ ఒకే భాష చాలుననుకోవడమే మన వైద్యానువాదంలోని మౌలిక లోపం. పదకోశ నిర్మాణంతో పాటు ఇటువంటి వాచకాల పరిశీలనను కూడా తెలుగు శాఖలు పరిశోధనాంశంగా స్వీకరించాలి.