పశ్చాత్కంప శబ్దవిచారము

మహాభూకంపము కలిగిన పిమ్మట మాటిమాటికి వచ్చు భూచలనములను మన పత్రికలు "ప్రకంపనలు" అని వ్రాయుచున్నవి. మొదటి చలనమునకును ఆ మాటయే. నేపాళమున 2015 ఏప్రిలు 25వ తేదీని 7.8 తీవ్రతతోఁ గలిగిన భూకంపమును, దాని ననుసరించి మే 12వ తేదీని 7.3 తీవ్రతతో వచ్చినదానిని ఒకే పదముతోఁ జెప్పినచోఁ జదువరికి భేద మెట్లు తెలియును? (నపుంసకమగు ప్రకంపనమునకు బహువచనము ప్రకంపనములు, అది వేఱు మాట.) "ప్ర" యను నుపసర్గము ప్రకర్షను దెలుపును గాని యానంతర్యమును దెలుపదు. అమరసింహుఁడు ప్రకంపన శబ్దమును మహావాతమునకుఁ బేరుగాఁ జెప్పినాఁడు.

చలనార్థకమగు కపి ధాతువునకు "అను" అను నుపసర్గమును జేర్చినఁ జాలదా యని వైయాకరణుఁ డడుగవచ్చును. యోగార్థము కుదిరినది, రూఢి యడ్డుపడినది. అనుకంప యనఁగా దయ. పాణినియు నైదవ యధ్యాయమునఁ బ్రత్యయవిధానమునందు నీ యర్థముననే దానిని గ్రహించెను. ఇల్లు గూలినవానితో "నేఁడును భూమి కనుకంప కలిగినది" యన్నచో వాఁ డేమనుకొనును?

ఉపకంపము, చిరుకంపము అనువారి పక్షమును మఱింత నిష్ఠురముగాఁ బరిహరింపవలయును. వెనుక వచ్చునది చిన్నదే యని యవి నమ్మించును. జపానీయుల "యోషిన్" శబ్దమునకు మిగిలిన కంపమని యవయవార్థము. 2016 ఏప్రిలు 14వ తేదీ రాత్రి కుమామొతోలో 6.5 తీవ్రతతో భూమి కంపించెను. ఇఁక వచ్చునది మిగులే యని యిండ్లకు మరలినవారిలోఁ గొందఱు, 16వ తేదీ వేకువకు మున్నే వచ్చిన 7.3 తీవ్రత గల భూకంపమునకు బలియైరి. మొదటిది పూర్వకంపమని యప్పుడు గాని తెలియలేదు. పిమ్మట నచ్చటి వాతావరణశాఖ, పెద్ద భూకంపమైన వెంటనే చేయు హెచ్చరికలలో నా పదమును విడిచినది.

కావునఁ గ్రమమును మాత్రమే చెప్పి తీవ్రతను జెప్పని పదము గావలయును. అనంతరకంపము కొంత మేలు; కాని యంతరము లేనిదను నవయవార్థము నెలల తరువాత వచ్చువానికిఁ బొసఁగదు. పశ్చాత్కంప మనుట నాకు సమ్మతము. పశ్చాచ్ఛబ్దమునకుఁ బడమర యనియు నర్థము గలదే యందురా, పశ్చాత్తాపమును బడమటి యెండ యని భ్రమించిన బాలుని నే నింతవఱకుఁ జూడలేదు.

అచ్చతెలుఁగున "వెనుకటి యదురు" పనికిరాదు. వెనుకటి యనఁగా గతించినదని లోకము గ్రహించును. తొలి, మలి యను జంట యుండఁగా "మలియదురు" ఏల కాకూడదు? గోదావరీలోయయు భూకంపములకు దూరము గాదు. 1969లో భద్రాచలముకడ, 2024లో ములుగుకడ భూమి యదరినది. అట్టిచోట హెచ్చరిక చాటువారికి మలియదురు సులభముగా నోరు తిరుగును. శాస్త్రగ్రంథములకుఁ బశ్చాత్కంపము చాలును.