ముందు గీత, తర్వాత అంకె

నానో కణాల మీద పరిశోధన చేసే పిల్లలు ఇవాళ మన విశ్వవిద్యాలయాల్లో కొల్లలు. ఏ థీసిస్ తెరిచినా డీఎల్ఎస్ (డైనమిక్ లైట్ స్కాటరింగ్) చేయించామనీ, సైజు ఇంత వచ్చిందనీ ఒక వాక్యం, దాని కింద ఒక పీక్ బొమ్మ. ఆ సైజు ఎలా వచ్చిందమ్మా అని వైవాలో అడిగితే మాత్రం బిక్కమొహాలు. వాళ్ల కోసం రాసిన పుస్తకమిది. రచయిత నా దగ్గర చదువుకున్నవాడు కనుక నా పొగడ్తలో కొంత తరుగు తీసేసుకోండి. తీసేసినా చాలానే మిగులుతుంది.

అసలు సూత్రం చెప్పడానికి తేలికే. నీటిలో తేలే కణాలను నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తోస్తూనే ఉంటాయి. చిన్న కణం చురుగ్గా కదులుతుంది, పెద్దది నింపాదిగా. లేజర్ కిరణం పంపితే కణాల మీద చెదిరిన వెలుగు మినుకుమినుకుమంటుంది. ఆ మినుకు ఎంత త్వరగా మారుతోందో చూస్తే కణం ఎంత జోరుగా తిరుగుతోందో తెలుస్తుంది. అక్కడి నుంచి కణం వ్యాసానికి వెళ్లే దారి ఐన్‌స్టయిన్ 1905లోనే వేశాడు. లేజర్లు వచ్చాక 1964లో కమిన్స్ బృందం పాలిస్టైరీన్ గోళాల మీద ఈ మినుకును పట్టి చూపించింది. ఇక్కడి లెక్కలను రచయిత అనుబంధంలోకి నెట్టాడు, మంచి పని చేశాడు.

ఈ పుస్తకానికి ప్రాణం మూడో అధ్యాయం. నానో కణం చెదరగొట్టే వెలుగు దాని వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. అంటే 100 నానోమీటర్ల కణం ఒక్కటి, అదే పదార్థపు 10 నానోమీటర్ల కణాలు పది లక్షలు కలిసి ఇచ్చేంత వెలుగు ఇస్తుంది. ఊరేగింపులో డోలు మోగుతుంటే పక్కవాళ్ల మాటలు వినబడనట్టు, శాంపిల్ పోసే క్యువెట్‌లో నాలుగు దుమ్ము రేణువులు పడితే అసలు శాంపిల్ మాట యంత్రానికి చేరదు. అందుకే రచయిత యంత్రం కన్నా ముందు గ్లౌజులు, 0.2 మైక్రాన్ల ఫిల్టర్, బుడగలు లేకుండా ద్రవం పోసే తీరు గురించి పేజీలకు పేజీలు రాశాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన శాంపిల్‌ను వెంటనే పెట్టొద్దంటాడు. 25 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తేడాకే నీటి స్నిగ్ధత రెండు శాతం దాకా మారుతుంది మరి. ఈ సంగతులు కంపెనీ మాన్యువల్‌లోనూ ఉంటాయి. వాటిని చదివినవాణ్ణి నేనింకా చూడలేదు.

సైజు అంకె చూసే ముందు, మినుకు ఎంత త్వరగా మారుతోందో చూపే కోరిలేషన్ గీత చూడమని అతను అడుగడుగునా పోరు పెడతాడు. గీత నున్నగా ఒక్కసారి దిగి అడుక్కి చేరిందా, సరే. చివర్లో మళ్లీ గడబిడ చేసిందా, దుమ్మో, కణాలు గుంపుకట్టడమో ఉంది. ఆ అంకెను రాసుకోవద్దు. మైక్రోస్కోపులో 15 నానోమీటర్లున్న బంగారు కణం ఇక్కడ ఇంకా పెద్దదిగా కనిపిస్తే కంగారుపడొద్దనీ చెబుతాడు. అక్కడ చూసింది ఎండిన కణాన్ని, ఇక్కడ కొలిచింది పైపూతతో, నీటిని వెంటేసుకుని తిరిగే కణాన్ని. చిన్న అంకె ముచ్చటగా ఉందని, వెలుగును బట్టి కాక కణాల సంఖ్యను బట్టి సైజు చెప్పే నంబర్ డిస్ట్రిబ్యూషన్ మాత్రమే అచ్చువేసేవాళ్లకు పెట్టిన చీవాట్లు నాకు మరీ నచ్చాయి.

కణాల మీది విద్యుదావేశపు తీరు చెప్పే జీటా పొటెన్షియల్ అధ్యాయం మాత్రం పలుచబడింది. మలిముద్రణలో పెంచాలి.

చెదిరే వెలుగు మనవాళ్లకు పరాయి విద్య కాదు. ఆ వెలుగు మీదే పనిచేసిన సి.వి. రామన్ బడిచదువు విశాఖపట్నంలో సాగింది. ఆయనతో పనిచేసిన సూరి భగవంతం గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉండగా 1940లో కాంతి పరిక్షేపణం, రామన్ ఎఫెక్ట్ మీద ఇంగ్లీషులో గ్రంథం వెలువరించారు. ఇన్నేళ్లకు అదే విద్యలో మరో పాయను ఈ కుర్రవాడు తెలుగులో అందిస్తున్నాడు. అతనికి నా ఆశీస్సులు.

విద్యార్థులకు ఒక్క మనవి. పుస్తకాన్ని బీరువాలో పెట్టకండి, యంత్రం పక్కన పెట్టండి. మీ పాత కొలతల ఫైళ్లు తెరిచి, మూడో అధ్యాయం ముందేసుకుని, వాటి గీతలను మళ్లీ ఒకసారి చూడండి.