నాజిల్ బిగింపులోనే పనితనం

నాజిళ్లు సర్వీసు చేయించి, డబ్బులు పోసి, మళ్లీ ఎక్కించాక కూడా ట్రాక్టర్ నల్ల పొగ వదులుతూ మిస్సింగ్ కొడితే రైతు మొదట తిట్టేది పంపు షాపునే. చాలాసార్లు తప్పు షాపుది కాదు. హెడ్డులో నాజిల్ కూర్చునే గుంతలో (సీటులో) మిగిలిన మసి పెచ్చో, అడుగున ఉండిపోయిన పాత రాగి వాషరో, ఒకవైపే బిగిసిన నట్టో అసలు కారణం. నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల షెడ్లలో మంచి మిస్త్రీ ఎవరో తేలేది ఈ బిగింపు దగ్గరే.

ఈ నేలలో ఆ పనికి విలువ ఊరికే రాలేదు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. నీళ్లతో చెరకు వచ్చింది, చెరకుతో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. రుద్రూర్‌లో చెరకు పరిశోధన కేంద్రమూ వెలిసింది. కొట్టిన చెరకు ఆగదు. గడ నిలవ ఉన్నకొద్దీ బరువు తగ్గుతుంది, చక్కెర పడిపోతుంది. లోడుతో ఉన్న ట్రాక్టర్ దారిలో మొండికేస్తే నష్టం గంటల్లోనే కనిపిస్తుంది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది కానీ ట్రాక్టర్ల పని తగ్గలేదు. వరికోతల్లో హార్వెస్టర్లూ వాటికి తోడయ్యాయి. వాన ముంచుకొస్తుంటే ఆగిన హార్వెస్టర్‌కూ అదే తొందర.

నాజిల్ చేసే పని చూస్తే ఇంత జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకు. పాత ట్రాక్టర్ నాజిల్ డీజిల్‌ని సిలిండర్లోకి చిమ్మేందుకు దాని లోపలి సూది లేవాలంటే, మోడల్‌ని బట్టి కాస్త అటూఇటూగా, 200 బార్లు కావాలి. ఆ ఒత్తిడిని పుట్టించే డీజిల్ పంపులను జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో పుట్టిన మైకో కంపెనీ వాటిని ఊరూరికీ చేర్చింది.

సూదీ దాని గొట్టమూ జంటగా అరగదీసినవి. ఒకదాని సూది ఇంకోదానికి నప్పదు. అందుకే తెలిసినవాళ్లు నాజిళ్లన్నీ విప్పి ఒకే గిన్నెలో పోయరు. కడిగిన సూదిని శుభ్రమైన డీజిల్లో ముంచి, గొట్టంలోంచి మూడో వంతు పైకి లాగి వదులుతారు. తన బరువుకే మెల్లగా జారి కూర్చుంటే సరే, మధ్యలో ఆగితే మళ్లీ కడగాలి. ఆ తర్వాత టెస్టర్ మీద పెట్టి పిడి నొక్కుతారు. డీజిల్ పొగమంచులా విరజిమ్మాలి, కొస పొడిగా ఉండాలి. ఆ జల్లుకు చెయ్యి అడ్డం పెట్టకూడదు, చర్మం లోపలికి దూసుకుపోతుంది.

ఇక ఎక్కించడం. పైపులు విప్పకముందే హెడ్డు చుట్టూ దుమ్ము కడగాలి, విప్పిన పైపుల మూతులు కట్టేయాలి. గుంతలోంచి పాత వాషర్ కొక్కెంతో తీసి, మసి గీకి, ఆ పొడి సిలిండర్లో పడకుండా తుడవాలి. కొత్త రాగి వాషర్ ఒక్కటే వేయాలి. రెండైతే నాజిల్ కొస పైకి జరిగి, డీజిల్ పడాల్సిన చోట పడదు. అరిగినదే మళ్లీ వేస్తే మంట సందులోంచి తన్నుకొచ్చి కొస కాలి, సూది పట్టేస్తుంది. కొత్తది దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తారు. ఉక్కు అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడి మళ్లీ అతుక్కుంటుంది. నాజిల్‌ని పట్టి ఉంచే రెండు నట్లనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా తిప్పాలి. పైపు నట్టు ముందు చేత్తో ఎక్కాలి, ఆ తర్వాతే పానా.

చివరికి ఎయిర్ తీయడం. ఫిల్టర్ స్క్రూ, పంపు స్క్రూ, ఆఖరున నాజిళ్ల దగ్గరి నట్లు ఒక వరుసలో వదులు చేస్తారు. "అన్నా, జర సెల్ఫ్ కొట్టు" అని మిస్త్రీ కేకేస్తాడు. బుడగలు పోయి డీజిల్ సాఫీగా వస్తే ఒక్కొక్కటే బిగిస్తాడు. ఇంజన్ అందుకున్నాక ఒక్కో పైపు నట్టు కాస్త వదిలి చెవి ఒగ్గుతాడు. చప్పుడు మారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు, మారకపోతే లోపం అక్కడే ఉన్నట్టు. నాజిల్ మొదలు దగ్గర తడి బుడగలు పొంగితే వాషర్ పట్టలేదని లెక్క.

ఈ నియమాలు ట్రాక్టర్లకే కాదు. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్ స్పోర్ట్స్ కారులోనూ బాష్ పంపే పెట్రోలును నేరుగా సిలిండర్లోకి కొట్టేది. ఇవాళ దాన్ని నడిపించుకునేవాళ్లకూ శుభ్రమైన సీటు, కొత్త సీలు, సమానమైన బిగింపు తప్పవు.

2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన పొగ నిబంధనలు వచ్చాక కంప్యూటర్ అదుపులో డీజిల్ కొట్టే కామన్ రైల్ ఇంజన్లు పెరిగాయి. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. నడుస్తున్న ఇంజన్‌లో పైపు నట్టు వదిలే పాత కిటుకు అక్కడ ప్రాణం తీస్తుంది. కొత్త ఇంజెక్టర్ వేస్తే దాని కోడ్ కంప్యూటర్‌కు ఎక్కించాల్సిన బండ్లూ ఉన్నాయి. చెవితో చేసే పని స్కానర్ చేస్తోంది. సీటు తుడిచే పని మాత్రం ఇంకా చేతిదే.

రైతుకు ఇవన్నీ రావాల్సిన పనిలేదు. బండి తీసుకెళ్లే ముందు పాత వాషర్లు చూపించమంటే చాలు. నాలుగు సిలిండర్ల బండికి మూడే చేతికొస్తే, నాలుగోది ఎక్కడుందో తేలేదాకా డబ్బులివ్వకండి.